కొలరాడోలో ఎల్క్ వేటకి 6.5 క్రీడ్‌మోర్ సరిపోతుందా, 300 విన్ మ్యాగ్ కొనాలా?

#1 శ్రీకాంత్ (అరోరా, కొలరాడో)

అందరికీ నమస్కారం. అక్టోబర్ చివర్లో సెకండ్ రైఫిల్ సీజన్‌కి (రైఫిల్ వేటకి కేటాయించిన రెండో విడతకి) నేనూ, ఆఫీసులో పరిచయమైన ఒక అమెరికన్ ఫ్రెండూ ఫ్లాట్ టాప్స్ కొండల వైపు ఎల్క్ (జింక జాతిలో చాలా పెద్ద జంతువు) వేటకి వెళ్తున్నాం. ఇద్దరికీ బుల్ ఎల్క్ ట్యాగ్ (మగ ఎల్క్‌ని కొట్టే పర్మిట్) ఉంది. నా దగ్గరున్నది 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా వేసే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ తిప్పాల్సింది). దీంతో ఎల్క్ కన్నా చిన్నవైన ప్రాంగ్‌హార్న్, మ్యూల్ డీర్ కొట్టాను, చేతికి బాగా అలవాటైంది. ఎల్క్ మాత్రం ఇదే మొదలు.

క్రీడ్‌మోర్ జింకలకే గానీ ఎల్క్‌కి చాలదు, ఇంకా పెద్ద తూటా 300 విన్ మ్యాగ్ (విన్‌చెస్టర్ మ్యాగ్నం) రైఫిల్ తీసుకో అంటాడు మా ఫ్రెండ్. షాపులో అడిగితే 7 ఎంఎం పీఆర్‌సీ అనే కొత్త రకం తూటా రైఫిల్ చూపించారు. యూట్యూబ్‌లో ఒకాయన 500 గజాల నుంచి క్రీడ్‌మోర్‌తో ఎల్క్‌ని పడేశాడు, కింద కామెంట్లలో సగం మంది ఆయన్ని తిట్టారు. కొన్ని వారాలుగా ఇదే టెన్షన్. 1500 డాలర్ల దాకా పెట్టగలను. కొత్త రైఫిల్ మీద పెట్టనా, ఉన్నదానితోనే వెళ్లనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 మూర్తి (మిసౌలా, మోంటానా)

శ్రీకాంత్ గారూ, క్యాలిబర్ (తూటా సైజు) సంగతి తర్వాత, ముందు రెండు విషయాలు చెప్పండి. మీరు వెళ్లేచోట ఎంత దూరంలో ఎల్క్ కనిపించే వీలుంది? బెంచీ మీద కాకుండా, నేల మీద కూర్చుని బ్యాక్‌ప్యాక్‌కి రైఫిల్ ఆనించి మీరు ఎంత దూరం దాకా తప్పకుండా కొట్టగలరు?

ఎల్క్‌ని మ్యూల్ డీర్‌తో పోల్చుకోకండి. పెద్ద బుల్ 700 పౌండ్లుంటుంది, అంటే మూడొందల కిలోల పైమాటే. మందమైన భుజం ఎముక, దాని మీద కండ, తోలు, బురదలో పొర్లినప్పుడు అంటుకున్న మట్టి, ఇవన్నీ దాటి బుల్లెట్ రెండు ఊపిరితిత్తుల్లోంచీ పోవాలి. పోయినా చాలాసార్లు అక్కడికక్కడే పడదు. ఏమీ జరగనట్టు నిలబడి చూస్తుంది, లేదంటే నింపాదిగా నడుచుకుంటూ చెట్లలోకి వెళ్లిపోతుంది.

ఎల్క్‌ని తాకేటప్పటికి బుల్లెట్‌లో 1500 ఫుట్-పౌండ్ల (ఒక పౌండు బరువుని ఒక అడుగు ఎత్తే శక్తి ఒక ఫుట్-పౌండ్) శక్తి మిగలాలన్నది ఇక్కడి వేటగాళ్ల పాత లెక్క. ఇది చట్టమూ కాదు, శాస్త్రమూ కాదు, ఒక హద్దు గీసుకోవడానికి పనికొచ్చే అంకె. క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకి 2700 అడుగుల వేగంతో బయల్దేరితే బారెల్ దగ్గర సుమారు 2300 ఫుట్-పౌండ్లు, 300 గజాల దగ్గర 1650, 400 గజాలకి 1500 కన్నా కొద్దిగా తక్కువ. 300 విన్ మ్యాగ్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్‌కి మొదట్లో 3500 ఉంటుంది, 300 గజాల దగ్గర కూడా 2300 దాకా మిగులుతుంది. అంటే క్రీడ్‌మోర్ బారెల్ దగ్గర మొదలుపెట్టే శక్తి దానికి 300 గజాలు పోయాక కూడా ఉంది. తేడా నిజమే. ఆ తేడా మీకు పనికొస్తుందా లేదా అన్నది నా రెండు ప్రశ్నలకి మీరిచ్చే జవాబుని బట్టి ఉంటుంది.

#3 నరేష్ (హ్యూస్టన్)

నేను మీ ఫ్రెండ్ పక్షమే. ఎల్క్ ప్రతిసారీ చక్కగా పక్కకి తిరిగి నిలబడదు. సీజన్ చివరి సాయంత్రం, చీకటి పడబోతోంది, బుల్ మనవైపు ఏటవాలుగా తిరిగి ఉంది. బుల్లెట్ ముందు భుజం ఎముక విరగ్గొట్టుకుని లోపలికి పోవాలి. అక్కడ బరువైన బుల్లెట్ చేసే పని వేరు. 6.5 బుల్లెట్ వ్యాసం 0.264 అంగుళం, 300 విన్ మ్యాగ్‌ది (30 క్యాలిబర్) 0.308. చూడ్డానికి చిన్న తేడాయే, కానీ లోపల బుల్లెట్ మొన పువ్వులా విచ్చుకున్నాక గాయం వేరు, అవతల బయటికొచ్చే రంధ్రం వేరు. రంధ్రం పెద్దదైతేనే నెత్తురు జాడ దొరుకుతుంది. మంచు పడకముందు అక్టోబర్‌లో, ఎర్రగా పసుప్పచ్చగా రాలిన ఆస్పెన్ ఆకుల మీద నెత్తురు చుక్క వెతకడం ఎంత కష్టమో వెతికినవాళ్లకే తెలుసు.

ట్యాగ్‌కీ, ప్రయాణానికీ అంత ఖర్చు పెట్టి, సెలవులు కూడబెట్టుకుని, తీరా సరిపోతుందో లేదో అన్న అనుమానంతో రైఫిల్ ఎత్తడం దేనికి? 300 విన్ మ్యాగ్ 1963లో వచ్చింది. అప్పటినుంచీ ఎల్క్ కొండల్లో దాని పని అది చేస్తూనే ఉంది. గాలిలో కూడా అదే మేలు.

#4 స్వాతి (ఫోర్ట్ కాలిన్స్)

నరేష్ గారూ, భుజం ఎముక గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. గాలి మాట మాత్రం ఒప్పుకోను. గంటకి 10 మైళ్ల అడ్డగాలికి 300 గజాల దగ్గర 143 గ్రెయిన్ల 6.5 బుల్లెట్ ఐదారు అంగుళాలు పక్కకి పోతుంది. మామూలు 180 గ్రెయిన్ల 300 విన్ మ్యాగ్ బుల్లెట్‌దీ దాదాపు అంతే. 6.5 బుల్లెట్ సన్నగా పొడవుగా ఉండి గాలిని బాగా చీలుస్తుంది కాబట్టి వేగంలో తక్కువైనా ఇక్కడ వెనకబడదు. కిందికి దిగడం చూసినా, 200 గజాలకి జీరో చేస్తే (ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేస్తే) 300 దగ్గర క్రీడ్‌మోర్ ఎనిమిది అంగుళాలు దిగుతుంది, 300 విన్ మ్యాగ్ ఏడు. ఎల్క్‌కి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడుగుకి పైనే ఉంటుంది. ఈ ఒక్క అంగుళం కోసం కొత్త రైఫిల్ అక్కర్లేదు.

తన్ను (పేలినప్పుడు రైఫిల్ వెనక్కి భుజాన్ని తన్నడం) సంగతి ఎవరూ ఎత్తలేదు. 8 పౌండ్ల రైఫిల్ అనుకుంటే క్రీడ్‌మోర్ భుజానికి ఇచ్చేది సుమారు 13 ఫుట్-పౌండ్లు, మధ్యరకం 30-06 తూటా అయితే 20, 300 విన్ మ్యాగ్ 27 దాకా. అంటే రెట్టింపు. కొండలెక్కాలని తేలిక రైఫిల్ కొంటే ఇంకా పెరుగుతుంది. బారెల్ మూతికి బిగించే మజిల్ బ్రేక్ పెడితే తన్ను తగ్గుతుంది, కానీ చప్పుడు పక్కలకి తిరిగి చెవులు పాడవుతాయి. ఎల్క్ కనిపించిన కంగారులో ఇయర్ ప్లగ్స్ ఎవరికి గుర్తుంటాయి? పక్కన బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్న మనిషికి మరీ నష్టం.

శ్రీకాంత్ గారూ, కొనేముందు ఒక పని చేయండి. ఎవరిదైనా 300 విన్ మ్యాగ్ రేంజ్‌లో ఒకసారి పేల్చి చూడండి. మ్యాగజైన్ మీ ఫ్రెండ్‌ని నింపమనండి, మీకు తెలియకుండా మధ్యలో ఒకటో రెండో డమ్మీ తూటాలు కలపమనండి. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటుంది, అంతే, పేలదు. సరిగ్గా ఆ క్షణంలో బారెల్ మూతి కిందికి వంగుతుందా, భుజం ముందుకి తోస్తుందా, కన్ను మూసుకుంటుందా అన్నది పక్కవాళ్లకి స్పష్టంగా కనిపిస్తుంది. పేలినప్పుడు ఆ కుదుపులో ఇదంతా దాగిపోతుంది. తన్నుకి బెదిరి ట్రిగ్గర్ లాగేవాళ్లు చాలామందికి తాము బెదురుతున్నట్టే తెలియదు. డమ్మీ మీద బారెల్ కదలకపోతే 300 విన్ మ్యాగ్ కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు.

నేను వాడేది 7ఎంఎం-08. 1980లో రెమింగ్టన్ తెచ్చిన తూటా. దాని గురించి ఇప్పుడు ఎవరూ వీడియోలు చేయరు, కానీ మా ఇంట్లో ఫ్రీజర్ నింపేది అదే.

#5 శ్రీకాంత్ (అరోరా)

మూర్తి గారూ, మ్యాప్‌లో చూస్తే ఉత్తరం వాలంతా దట్టమైన స్ప్రూస్ అడవి, అక్కడ 60 గజాలకి మించి కనిపించదు. రిడ్జ్ (కొండ గట్టు) దాటితే గడ్డి మైదానం, అక్కడ 350, 400 కూడా రావచ్చు. కూర్చుని ప్యాక్‌కి ఆనించి 300 గజాల దాకా పేపర్ ప్లేటుని వదలకుండా కొడుతున్నాను. అది దాటితే చెదురుతున్నాయి.

ప్రస్తుతం వాడుతున్నది 143 గ్రెయిన్ల ఈఎల్‌డీ-ఎక్స్ రకం బుల్లెట్. ఎల్క్‌కి బుల్లెట్ కూడా మార్చాలా?

#6 మూర్తి (మిసౌలా)

అయితే జవాబు సగం మీరే చెప్పేశారు. మీ హద్దు 300 గజాలు. రైఫిల్ మార్చినంత మాత్రాన అది 400 అవదు. ఆ మైదానంలో 350 దగ్గర బుల్ కనిపిస్తే 50 గజాలు పాకుతూ వెళ్లండి. ఎల్క్ వేటలో సగం పని అదే.

బుల్లెట్ సంగతి క్యాలిబర్ కన్నా పెద్ద ప్రశ్న. ఈఎల్‌డీ-ఎక్స్ దూరంలో బాగా విచ్చుకుంటుంది. కానీ మీరు చెప్పిన స్ప్రూస్ అడవిలో 60 గజాల నుంచి భుజం ఎముకకి తగిలితే? అప్పుడు బుల్లెట్ వేగం దాదాపు మొదటి వేగమే. మెత్తటి బుల్లెట్లు ఆ దెబ్బకి ముక్కలై లోతుకి పోకుండా ఆగిపోవచ్చు. నరేష్ గారు గమనించాల్సిన మాట ఒకటుంది. 300 విన్ మ్యాగ్ వేగం ఇంకా ఎక్కువ కాబట్టి దగ్గర దూరంలో దాని బుల్లెట్ మీద ఒత్తిడి ఇంకా ఎక్కువ. మ్యాగ్నం కొని చవక తూటాలు వేస్తే డబ్బు పెట్టి కష్టం కొనుక్కున్నట్టే.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1940ల్లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలో ఎల్క్ కన్నా పెద్దదైన మూస్ వేటకి 300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నం రైఫిల్ పట్టుకెళ్లాడు. రైఫిల్‌కి శక్తి తక్కువేం లేదు. అయినా ఒళ్లంతా బురద ఎండి ఉన్న ఆ మూస్ మీద బుల్లెట్లు పైపైనే విచ్చుకుపోయి లోపలికి దిగలేదు. ఇంటికొచ్చాక ఆయన తయారుచేసుకున్న బుల్లెట్టే పార్టిషన్. 1948 నుంచి అమ్ముతున్నారు, ఇప్పటికీ దొరుకుతుంది. వెదురు కణుపులా మధ్యలో రాగి అడ్డుగోడ, దానికి ముందొక సీసం గది, వెనకొక సీసం గది. ముందుది ఎముకకి తగిలి విచ్చుకుంటుంది, కొంత రాలిపోతుంది. అడ్డుగోడ దగ్గర ఆ విచ్చుకోవడం ఆగుతుంది, వెనక సగం చెక్కుచెదరకుండా తొలుచుకుంటూ పోతుంది. ఇప్పుడు ఆక్యుబాండ్ లాంటి బాండెడ్ బుల్లెట్లలో సీసాన్ని రాగి తొడుగుకి అతికించేస్తున్నారు, ఫలితం ఇంచుమించు అదే. మీ రైఫిల్‌లో ఏది బాగా గుంపుగా పడుతుందో రెండు మూడు రకాలు పేల్చి చూసుకోండి.

#7 కిరణ్ (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

మూర్తి గారి మాటకి చిన్న చేర్పు. మా రాష్ట్రంలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం తూటాలు నిషేధం. సీసం తిని కాండోర్ రాబందులు చనిపోతున్నాయన్నది పెద్ద కారణం. అందుకని ఇక్కడ అందరం పూర్తి రాగి బుల్లెట్లకి మారాం. మొదట్లో చాలామంది గొణిగారు, ఇప్పుడు నేను కొలరాడో, వ్యోమింగ్ వెళ్లినా అవే వాడతాను. ఎముకకి తగిలినా రాగి విడిపోదు, నాలుగు రేకులుగా విచ్చుకుని, దాదాపు బరువంతా నిలుపుకుని అవతలికి పోతుంది.

నాకు ముఖ్యమైనది ఇంకొకటి. సీసం బుల్లెట్ విచ్చుకున్నప్పుడు కంటికి ఆనని రజను గాయం చుట్టూ మాంసంలోకి చాలా దూరం పోతుంది. ఎక్స్‌రే తీస్తే కనిపిస్తుంది. ఆ మాంసం ఏడాది పొడుగునా మా పిల్లలు తింటారు. సీసానికి పిల్లల్లో సురక్షితమైన మోతాదంటూ లేదు. చట్టం లేకపోయినా నేను ఇక సీసం వైపు వెళ్లను.

ఒక జాగ్రత్త. రాగి విచ్చుకోవాలంటే వేగం కావాలి. సెకనుకి 1800 నుంచి 2000 అడుగుల కన్నా తగ్గితే విచ్చుకోకుండా పెన్సిల్ అంత సన్నటి రంధ్రం చేసి పోతుంది. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి కొంచెం తక్కువ బరువు తీసుకోవాలి. క్రీడ్‌మోర్‌కి 120, 127 గ్రెయిన్లవి దొరుకుతాయి. 300 గజాల్లోపు వేగానికి ఢోకా లేదు.

#8 సాయి (డాలస్)

మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను హెచ్1బీ మీద ఉన్నాను. మా టీమ్‌లో వాళ్లు వచ్చే ఏడాది ఎల్క్ వేటకి రమ్మంటున్నారు. మనం అసలు రైఫిల్ ముట్టుకోవచ్చా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

#9 స్వాతి (ఫోర్ట్ కాలిన్స్)

సాయీ, మంచి ప్రశ్న. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా (హెచ్1బీ కూడా అదే) మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. దీనికి మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం. అది ముగిస్తే మినహాయింపూ ముగుస్తుంది. కాబట్టి రేంజ్‌కి వెళ్లేముందే లైసెన్స్ చేతిలో ఉండాలి, గడువు తేదీ రాసిపెట్టుకోవాలి. కొలరాడోలో గంజాయి అమ్ముతారు కదా అని సరదా పడితే ఫెడరల్ చట్టంలో అది వేరే నేరం, దాంతోపాటు తుపాకీ ఉంటే ఇంకా పెద్ద చిక్కు. ఇమిగ్రేషన్ విషయం కాబట్టి మాలాంటి వాళ్ల మాట మీద ఆగిపోకుండా ఒక లాయర్‌ని కూడా అడుగు, ఆ ఫీజుకి వెనకాడకు.

1949 జనవరి 1న గానీ, తర్వాత గానీ పుట్టినవాళ్లెవరికైనా కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. మన దేశంలో వన్యప్రాణి చట్టం కింద సరదా వేట నిషేధం, అంటే మనలో ఎక్కువమందికి ఇంట్లో నేర్పే తాతలూ బాబాయిలూ లేరు. ఆన్‌లైన్‌తో సరిపెట్టకుండా క్లాసులో కూర్చుని నేర్చుకో తమ్ముడూ.

#10 యాదగిరి (గ్రాండ్ జంక్షన్, కొలరాడో)

అన్నలూ, అందరూ 6.5, 300 అని రెండు కొసలే పట్టుకున్నారు. నడిమిట్ల 30-06 ఉంది కదా! 1906 నాటి తూటా. 180 గ్రెయిన్ల పార్టిషన్ వేస్తే ఈ కొండల్లో దానికి లొంగని ఎల్క్ లేదు. తన్ను ఓర్చుకునేంతే. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ తూటాల డబ్బా గుడారంలో మర్చిపోయినా, ప్రయాణంలో పోయినా, మీకర్ లాంటి చిన్న ఊళ్లో 30-06 అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. 7 ఎంఎం పీఆర్‌సీ 2022లో వచ్చింది, మంచి తూటాయే, కానీ సీజన్ ముందురోజు చిన్న షాపులో దాని కోసం నిలబడాలంటే నాకు ధైర్యం చాలదు.

శ్రీకాంత్ అన్నా, చట్టం చూస్తే నీ క్రీడ్‌మోర్‌కి ఏ ఇబ్బందీ లేదు. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం 0.24 అంగుళం క్యాలిబర్, 85 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్లు ఉండాలి. నీది అన్నీ దాటింది. నారింజ రంగో, గులాబీ రంగో మెరిసే బట్ట 500 చదరపు అంగుళాలు ఒంటి మీద, తలకి అదే రంగు టోపీ తప్పనిసరి. చాలా యూనిట్లలో బుల్‌కి ఒక కొమ్ము మీద నాలుగు మొనలు గానీ, నుదుటి దగ్గరి మొన ఐదు అంగుళాలు గానీ ఉంటేనే కొట్టాలి. ఆ లెక్క బైనాక్యులర్స్‌తో చూసుకో, స్కోప్‌తో కాదు. స్కోప్‌తో చూడటమంటే అవతలున్నది ఎవరైనా సరే రైఫిల్ గురిపెట్టినట్టే. ఈ ఏడాది వేట రూల్స్ బ్రోషర్ ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదువు, రూల్స్ మారుతుంటాయి.

ఇంకో మాట. అక్కడ 9 వేల నుంచి 11 వేల అడుగుల ఎత్తు. డెన్వర్‌లో ఉన్నా ఊపిరి అందదు. తొమ్మిదిన్నర పౌండ్ల రైఫిల్ మోసుకుని రిడ్జ్ ఎక్కి, గుండె దడదడ కొట్టుకుంటుంటే గురి నిలబడదు. రేంజ్‌లో నాలుగు వందల అడుగులు పరుగెత్తి వచ్చి, వెంటనే కూర్చుని ప్లేటు మీద కొట్టి చూడు. అప్పుడు వచ్చే దూరమే నీ నిజమైన దూరం.

#11 నరేష్ (హ్యూస్టన్)

స్వాతి గారు చెప్పిన గాలి లెక్క సరైనదే, మంచి 6.5 బుల్లెట్లు గాలిలో బాగా నిలుస్తాయి. స్వీడన్‌లో అదే వ్యాసం ఉన్న 6.5x55 తూటాతో తరతరాలుగా మూస్‌నే కొడుతున్నారని కూడా తెలుసు. కానీ ఒక్క సంగతి మరవద్దు. అక్కడ వేట ఎక్కువగా దగ్గర దూరంలో, కుక్కలతో, గుంపుగా సాగుతుంది. దెబ్బ తిన్న జంతువుని వెతకడానికి శిక్షణ పొందిన కుక్క ఉంటుంది. ఫ్లాట్ టాప్స్‌లో శ్రీకాంత్ గారికి ఉండేది ఒక ఫ్రెండ్, ఒక టార్చ్‌లైట్. కాబట్టి క్రీడ్‌మోర్‌తో వెళ్తే కొన్ని అవకాశాలు వదులుకోవాలి. మనవైపు తిరిగి ఉన్నా, వెనక్కి తిరిగి పోతున్నా ట్రిగ్గర్ ముట్టకూడదు. ఆ నిగ్రహం ఉంటే నేను వద్దనను. నా వరకు నాకు 300 విన్ మ్యాగ్ చేతిలో ఉంటేనే నిబ్బరం.

#12 శ్రీకాంత్ (అరోరా)

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఈ వీకెండ్ స్వాతి గారు చెప్పిన పరీక్ష చేశాం. మా ఫ్రెండ్ 300 విన్ మ్యాగ్ తెచ్చాడు, డమ్మీలు కలిపాడు. రెండో డమ్మీకే బారెల్ మూతి అర అంగుళం కిందికి వంగింది, వాడు ఫోన్‌లో వీడియో తీసి చూపించాడు. నా క్రీడ్‌మోర్‌తో కదలలేదు. యాదగిరి అన్న చెప్పినట్టు పరుగెత్తి వచ్చి కూర్చుంటే 300 కాస్తా 250 అయింది.

అందుకని ఈ ఏడాదికి క్రీడ్‌మోర్‌తోనే వెళ్తున్నాను. 127 గ్రెయిన్ల రాగి బుల్లెట్లు నా రైఫిల్‌లో బాగా పడుతున్నాయి. పక్కకి తిరిగి ఉంటేనే, 250 గజాల్లోపే. మిగిలిన డబ్బు తూటాలకీ, మాంసం మోసే ప్యాక్ ఫ్రేమ్‌కీ, బూట్లకీ. 30-06 సంగతి సీజన్ అయ్యాక నిదానంగా చూస్తాను.

చివరిగా రెండు సందేహాలు. కొట్టాక ఎంతసేపు ఆగాలి? పడ్డాక మాంసం ఎలా?

#13 మూర్తి (మిసౌలా)

మంచి నిర్ణయం. ట్రిగ్గర్ నొక్కిన వెంటనే, స్కోప్‌లోంచి కన్ను తీయకుండా బోల్ట్ తిప్పి రెండో తూటా ఎక్కించండి. అది ఇంకా నిలబడి ఉంటే, గురి దొరికితే, మళ్లీ కొట్టండి. మొదటిది బాగా తగిలిందనిపించినా సరే. ఎల్క్ కింద పడేదాకా పని అవ్వలేదు. కనుమరుగైతే అది నిలబడ్డ చోటుని ఒక చెట్టుతోనో బండతోనో గుర్తుపెట్టుకుని అరగంట కదలకండి. పొట్టకి తగిలిందన్న అనుమానం ఉంటే కొన్ని గంటలు ఆగాలి. తొందరపడి వెంటపడితే కిలోమీటర్లు పోతుంది.

#14 యాదగిరి (గ్రాండ్ జంక్షన్)

మాంసం గురించి నేను చెప్తాను. బుల్ నుంచి ఎముకలు తీసినా 200 పౌండ్ల దాకా వస్తుంది. ఇద్దరే కాబట్టి ఒక్కొక్కరూ చాలాసార్లు తిరగాలి. రోడ్డు నుంచి రెండు మైళ్లు దాటి లోపల కొట్టకండి. తోలు వెంటనే తీసి, నాలుగు కాళ్లూ విడగొట్టి, గుడ్డ సంచుల్లో నీడన వేలాడదీయండి, ఎల్క్ ఒంటి వేడికే మాంసం పాడవుతుంది. కాళ్లు, వీపు కండలు, లోపలి మెత్తటి కండలు అన్నీ తేవాలి, వదిలేస్తే నేరం. మగదని తెలిపే ఆధారం ఒక ముక్కకి అంటుకునే ఉండాలి. తల కూడా తెచ్చి సీడబ్ల్యూడీ (జింక జాతులకి వచ్చే ప్రాణాంతక మెదడు జబ్బు) పరీక్షకి ఇవ్వండి. ఆ జబ్బుని మొదట గుర్తించింది మన కొలరాడోలోనే, 1967లో. రిజల్ట్ వచ్చేదాకా ఫ్రీజర్‌లో పెట్టండి, పాజిటివ్ వస్తే తినొద్దు.

నెగటివ్ వస్తే కొంత మాంసం పొడుగ్గా చీరి, ఉప్పూ పసుపూ కారం పట్టించి ఎండబెట్టండి. మన తునకల కూరకి ఎల్క్ మాంసంలా కుదిరేది ఇంకోటి లేదు, కొవ్వు అసలుండదు కదా. గ్రాండ్ జంక్షన్ ఎండకి నాలుగు రోజుల్లో గలగలలాడతాయి. ఇటువైపు వస్తే నంబర్ మెసేజ్ చెయ్యండి, ప్యాక్ మోయడానికి మా అబ్బాయిని తీసుకుని నేనూ వస్తాను.